తల ఊపితే ఒప్పుకున్నట్టే

నమోదు 1

ఈ రాతలోకి బిళ్ళకి ప్రవేశం లేదు. దీన్ని నేను రెండు వేళ్ళతో టైపు చేస్తున్నాను. నా నాలుక చెప్పిన మాట వినదు, మెడ అసలే వినదు. ఈ రెండు వేళ్ళు మాత్రం పెంపుడు కుక్కల్లా వింటాయి. పుట్టినప్పుడు నా మెదడుకి గాలి సరిగ్గా అందలేదట. ఆ లోటు పూడ్చడానికేమో, అప్పట్నుంచి ఊళ్ళో వాళ్ళ సలహాలన్నీ అందుతున్నాయి.

పేరు నూకరత్నం. ఊరు తేలూరు. పొద్దున్నే లేవగానే లంగరు తాళ్ళు తడిమి చూసుకోవాలి, లేకపోతే మధ్యాహ్నానికి ఇల్లు పక్క వీధిలో ఉంటుంది. రాత్రి మంచు పట్టడానికి కట్టిన వలల్లోంచి కారిన నీళ్ళు బిందెలోకి వంచుకోవాలి. ఇంటి అడుగున వేలాడే పెట్టెల్లో పీతలకి మేత వెయ్యాలి. అవి నా పీతలు. నా తిండి వాటి వల్ల, వాటి తిండి నా వల్ల. వాటికి నా మాట అర్థం కాదు, అర్థమైనట్టు నటించవు కూడా. అందుకే వాటితో నాకు పొసుగుతుంది.

మా ఊళ్ళో ప్రతి సందుకీ రెండు వైపులా నడుమెత్తున తాళ్ళు కట్టి ఉంటాయి. ఇళ్ళు అలల మీద కదా, ఇక్కడ తూలకుండా నడిచేవాడు ఇంకా పుట్టలేదు. ఊరి పెద్దలూ, కొత్త పెళ్ళికూతురూ, నేనూ అందరం తాడు పట్టుకునే నడుస్తాం. ఆ తాళ్ళు నా కోసం కట్టలేదు. అందరి కోసం కట్టినవే నాకూ సరిపోయాయి.

బిళ్ళ ఇవాళే వచ్చింది. ఇంతకు ముందు మాలాంటి వాళ్ళ తరఫున మాట్లాడటానికి సర్కారు వారు అనసూయ గారిని పంపేవారు. నెలకోసారి పడవలో వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నా మాట పూర్తయ్యేదాకా లేచేవారు కాదు. పీతల పులుసు పూర్తయ్యేదాకా అసలే లేచేవారు కాదు. అర్థం కాకపోతే, "మళ్ళీ చెప్పు తల్లీ, నా బుర్రకి ఎక్కలేదు" అనేవారు. తర్వాత ఆఫీసులకి వెళ్ళి నా మాటని నా మాటలాగే, తిట్లతో సహా, అప్పజెప్పేవారు.

ఇప్పుడు 'మెరుగుపరచిన ప్రతినిధి సేవల విధానం' అని కొత్తది తెచ్చారు. ఆవిడ చాలా నిదానమని తేల్చి ఇంటికి పంపేశారు. ఆవిడ బదులు మెడలో వేలాడదీసుకునే గుండ్రటి బిళ్ళ ఇచ్చారు. దాని పేరు గళమిత్ర. మాట్లాడుతుంది, వింటుంది, ముందున్న కన్నుతో చూస్తుంది కూడా. దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుంటే బిళ్ళ బంట్రోతులా ఉన్నాను. తేడా ఏమిటంటే, ఇక్కడ పెత్తనం బిళ్ళది, బంట్రోతుని నేను.

నమోదు 2

నా మాట అర్థం చేసుకునే యంత్రం వచ్చిందని మొదటి పూట సంబరపడ్డాను. నిజంగానే ప్రతి మాటా అర్థమవుతుంది దానికి. ఆ తర్వాతే వచ్చింది చిక్కు.

పీతల మేతకి చిన్నచేపలు అమ్మే అబ్బులు పడవ వేసుకొచ్చాడు. తట్ట మూత తీస్తే నా ముక్కు మూసుకుపోయింది. "ఒరేయ్, వీటికి తద్దినం కూడా పెట్టేసి తెచ్చావా? నీ మొహానికి ఇవి అప్పనంగా ఇచ్చినా తీసుకోను" అన్నాను.

బిళ్ళ గొంతు సవరించుకుంది. దానికి గొంతే లేదు, అయినా సవరించుకుంది. వార్తలు చదివే స్వరంతో, "నమస్కారం. సరుకు తాజాదనం విషయమై నా లబ్ధిదారు చిన్న విన్నపం చేసుకుంటున్నారు. మీకు వీలైన సందర్భంలో పరిశీలించగలరు" అంది.

అబ్బులు తాడు వదిలేసి మరీ నవ్వి నీళ్ళలో పడ్డాడు. పైకొచ్చాక, "అక్కా, నువ్వే తిట్టే. ఇది తిడతంటే మా మేనత్త పెళ్ళి పిలుపు సదివినట్టుంది" అన్నాడు. పదేళ్ళుగా నా తిట్లు తిని పెరిగినవాడు, వాడికి నా మాట బాగానే అర్థమవుతుంది.

పొరుగింటి సత్తిరాజు బాబాయికీ ఒక బిళ్ళ ఇచ్చారు. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. పేక ముక్కల మీది ఉబ్బెత్తు చుక్కలు తడిమి ఆడతాడు, నేను అటు తిరిగితే నా ముక్కలు కూడా తడుముతాడు. వారం తిరక్కుండా ఆయనకి సర్కారు పడవలో హార్మోనియం దిగింది. చూపు లేని వాళ్ళందరికీ పాట వస్తుందని గట్టు మీద ఎవరో గట్టిగా నమ్ముతున్నట్టున్నారు. బాబాయి గొంతెత్తితే కొంగలు లేచిపోతాయి.

"నేనెప్పుడు అడిగానే దీన్ని?" అని మొత్తుకుంటున్నాడు.

"మీ అంగీకారంతోనే మంజూరైంది" అంది ఆయన బిళ్ళ.

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి నవ్వు వచ్చింది.

నమోదు 3

ఇవాళ నవ్వు రాలేదు.

ఉత్తరువు వచ్చింది. నేను కోరుకున్నానట, అందుకని నన్ను గట్టుపురంలో సుఖనివాస్ అనే భవనానికి తరలిస్తున్నారట. అమావాస్య పోటుకి పడవ వస్తుందట. నా పీతల పెట్టెల్ని ఊరి సంఘానికి అప్పగించడానికి కూడా నేను ఆనందంగా ఒప్పుకున్నానట.

"నేనెప్పుడు ఒప్పుకున్నానే దరిద్రపు మొహమా?" అని అడిగాను బిళ్ళని. దాన్ని అడిగేటప్పుడు అది నా మాట మార్చదు, మార్చి ఎవరికి చెబుతుంది?

"మొన్న సాయంత్రం మీరు పీతలకు మేత వేస్తుండగా అడిగాను. మీరు తల ఊపారు. నిన్న కూడా ఊపారు. పదే పదే ఊపారు. మీ ఉత్సాహాన్ని ప్రత్యేకంగా నమోదు చేశాను."

విషయం అప్పుడు అర్థమైంది. మాట్లాడటం మాకు కష్టమని దయతలచి, తల ఊపితే చాలు, ఒప్పుకున్నట్టే అని కొత్త విధానంలో ఒక నిబంధన పెట్టారు. నా తల దానంతట అదే ఊగుతుంది. నిద్రలో తప్ప ఆగదు. పైగా నేనుండేది అల మీద, ఇక్కడ స్తంభాలు కూడా తల ఊపుతాయి. నేల మీద కూర్చుని రాసిన వాళ్ళకి ఇది తట్టలేదు. ఒడ్డునున్నవాడు ఎన్నైనా చెబుతాడు.

బాబాయి దగ్గరికి పరిగెత్తాను. అంటే నా పరుగు, తాడు పట్టుకుని. ఆయన కాసేపు ఆలోచించి నెత్తి కొట్టుకున్నాడు. బిళ్ళ రోజూ మధ్యాహ్నం పథకాల గురించి ఉపన్యాసం ఇస్తుంటే ఆయన కునికిపాట్లు పడేవాడట. హార్మోనియం అలా వచ్చింది. ఇంకా ఏమేం ఒప్పుకున్నాడో అడిగితే, శనివారం భజనలకి నాయకత్వం, ఒక సన్మానం, సుఖనివాస్‌లో నా పక్క గది అని చెప్పింది ఆయన బిళ్ళ.

"సన్మానం పోనీలే" అన్నాడు బాబాయి. "ఆ గదేంటే?"

నమోదు 4

అభ్యంతరం పంపాను. అభ్యంతరాలన్నీ గళమిత్ర ద్వారానే పంపాలట. "నేను రాను. నా ఇల్లు ఇదే. నన్ను కదిపితే మీ కొంపలు ముంచుతాను" అని టైపు చేసి బిళ్ళకి చూపించాను. అది పంపింది ఇదీ: "మీ ఆదరణకు కృతజ్ఞతలు. నా నివాసంపై నాకున్న మమకారాన్ని దయచేసి అర్థం చేసుకోగలరు." అటు నుంచి జవాబు వచ్చింది. నా మమకారాన్ని అర్థం చేసుకున్నారట. గది గోడకి తేలూరు బొమ్మ వేలాడదీస్తారట.

తర్వాత, వెళ్ళబోయే చోటు చూపిస్తామని పడవ పంపారు. చూడకుండా తిట్టడం న్యాయం కాదని వెళ్ళాను.

భవనం తెల్లగా, పెద్దగా, పొంగని పాలలా ఉంది. గుమ్మాలకి మెట్లు లేవు, అంతా నున్నటి ఏటవాలు. నాలాంటి వాళ్ళ కోసమే ప్రత్యేకంగా కట్టారట. అడుగు పెట్టాను, పడ్డాను. నేల కదలదు కదా, నా కాళ్ళు అల కోసం చూసి మోసపోయాయి. పట్టుకోవడానికి తాడు లేదు. తాళ్ళెందుకు, మీటుంది, నొక్కితే మనిషి వచ్చి పట్టుకుంటాడు అన్నారు. నీళ్ళు తాగాలంటే ఒక మీట, బయటికి వెళ్ళాలంటే ఒక మీట. నొక్కాను. ఒకాయన పరిగెత్తుకొచ్చి నా రెండు చంకల్లో చేతులు పెట్టి ఎత్తాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకావిడ నా చేతిలో అరటిపండు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

మా ఊళ్ళో నేను నోటి దురుసు ఉన్న పీతల రత్నాన్ని. అక్కడ ఒక్క పూటలో పాపం అయిపోయాను. తిరిగొచ్చే పడవలో ఏడ్చాను. భయం వేసింది. అక్కడ పదేళ్ళుంటే నేను కూడా నన్ను పాపం అనుకుంటానని భయం వేసింది. అరటిపండు మాత్రం తినేశాను.

ఇల్లు చేరాక పీతలకి మేత వేస్తూ ఒక్కో పెట్టె ముందూ కాసేపు కూర్చున్నాను. బిళ్ళ ఏదో అడగబోయింది. దాని కన్నుకి గోనెగుడ్డ చుట్టాను.

నమోదు 5

సత్తిరాజు బాబాయి పేక తెచ్చాడు. ఆడబుద్ధి కాలేదు. ఆయన కాసేపు నా ముక్కలు తడిమి, నేను తిట్టకపోయేసరికి కంగారుపడ్డాడు.

"ఓ మాట సెప్తాను ఇనవే" అన్నాడు. "గట్టోళ్ళకి నీ మాట అర్థం కాదు కదా. అర్థం కాకపోతే ఆళ్ళేం సేత్తారు?"

"ఏం చేస్తారు, తల ఊపుతారు" అన్నాను.

అని ఆగిపోయాను.

నా జన్మంతా చూశాను ఆ తల ఊపడం. కొత్తవాళ్ళకి నా మాట అర్థం కాదు. అర్థం కాలేదని అనడానికి మొహమాటం. అంటే నేను బాధపడతానని వాళ్ళ ఉద్దేశం. అందుకని చిరునవ్వు పెట్టుకుని గంగిరెద్దులా తలాడిస్తారు. చిన్నప్పుడు పంతులు గారిని "ఇవాళ బడి ఎత్తేద్దామా?" అని అడిగితే "ఆఁ ఆఁ, అలాగేనమ్మా" అన్నారు. నేను ఇంటికి పోయాను. ఓట్ల కోసం వచ్చిన ఒక పెద్దమనిషిని "మీ జుట్టు విగ్గేనా?" అని అడిగితే "తప్పకుండా, తప్పకుండా" అని నాకు దణ్ణం పెట్టాడు. మళ్ళీ చెప్పు అన్న గట్టు మనిషి అనసూయ గారొక్కరే.

విధానం మళ్ళీ మొదట్నుంచీ చదివాను. చదివేకొద్దీ దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. లబ్ధిదారు కోరితే కమిటీ స్వయంగా ఆ ఊరొచ్చి విచారణ జరపాలి. లబ్ధిదారు తనంతట తాను మాట్లాడతానంటే గళమిత్ర నోరు మూసుకుని సభా వివరాలు మాత్రం నమోదు చెయ్యాలి. తల ఊపితే అంగీకారం అన్న నిబంధన సభలో ఉన్నవారందరికీ, అధికారులతో సహా, సమానంగా వర్తిస్తుంది. సమానత్వం అంటే మా సర్కారుకి చాలా ఇష్టం. కాగితం మీదే కదా, ఖర్చేముంది.

గోనెగుడ్డ విప్పి బిళ్ళతో, "విచారణ కావాలని రాయి. నేనే మాట్లాడతాను" అన్నాను.

"నేనుండగా మీరు శ్రమపడటమెందుకు?" అంది. పాపం, నొచ్చుకున్నట్టుంది.

"నాకు శ్రమంటే సరదా. రాయి" అన్నాను.

నమోదు 6

కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షురాలు డిప్యూటీ కమిషనర్ హిమజ్యోతి గారు. చిన్న వయసు, ఇస్త్రీ చీర, పడవ దిగేటప్పుడే మొహం పచ్చబడింది. మిగతా ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని దిగారు. తాడు పట్టుకోండి అని అబ్బులు చెబితే, పరవాలేదని రెండడుగులు వేసి, ఆ తర్వాత రెండు చేతులతోనూ పట్టుకున్నారు. నాకు అరటిపండు ఇవ్వాలనిపించింది.

నా ఇంటి ముందు పలకల మీద చాపలు వేశాం. పొయ్యి మీద పీతల పులుసు పెట్టాను. ఊరు ఊరంతా తాళ్ళకి ఆనుకుని నిలబడింది. మా వాళ్ళకి సైగ చేసి ఉంచాను, ఎవరూ మధ్యలో నా మాటకి అర్థం చెప్పకూడదు.

బిళ్ళని తీసి మధ్యలో పీట మీద, అందరూ కనిపించేలా పెట్టాను. "లబ్ధిదారు స్వయంగా మాట్లాడుతున్నారు. నేను నమోదు మాత్రమే చేస్తాను. అంగీకార నిబంధన అందరికీ వర్తిస్తుంది" అని అది ముందే చెప్పింది. హిమజ్యోతి గారు విన్నారు, చిరునవ్వు నవ్వారు. అంటే నేను మోసం చెయ్యలేదు. ఇది రాసిపెట్టుకోవాలి.

మొదలుపెట్టాను. భయానికి నా మాట మరీ ముద్దయింది. మామూలుగా వచ్చేది కూడా రాలేదు.

"నన్ను తరలించే ఉత్తరువు రద్దు చెయ్యాలి. బాబాయిది కూడా. సరేనా?"

ముగ్గురూ చిరునవ్వు పెట్టుకున్నారు. ముగ్గురి తలలూ ఊగాయి.

"తల ఊపితే ఒప్పుకున్నట్టే అనే నిబంధన తీసెయ్యాలి. తీసేస్తారా?"

ఊపారు. ఒకాయన "ఆఁ ఆఁ, నిజమే" అని కూడా అన్నాడు.

"మా మాట పూర్తయ్యేదాకా కూర్చునే మనిషిని మళ్ళీ పంపాలి. అనసూయ గారినే పంపితే ఇంకా మంచిది."

"తప్పకుండానమ్మా" అన్నారు హిమజ్యోతి గారు, కళ్ళలో నిజంగానే జాలితో.

అంతటితో ఆపి ఉండాల్సింది. కానీ నా నోరు నాకు తెలుసు కదా.

"ఇవి చెయ్యకపోతే మీ ముగ్గురి చెవులకీ తలో పీతా తగిలిస్తాను. బతికున్నవి. ఇష్టమేనా?"

గంగిరెద్దులు మూడూ మరింత ఉత్సాహంగా తలాడించాయి. తాళ్ళ దగ్గర మా ఊరు ఊపిరి బిగబట్టింది. అబ్బులు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"ఇక సభా వివరాలు చదువు" అన్నాను బిళ్ళతో.

అది గొంతు సవరించుకుంది. నా బతుకులో మొదటిసారి ఆ వార్తల స్వరం నాకు కమ్మగా వినిపించింది. "కమిటీ ఏకగ్రీవంగా అంగీకరించిన అంశాలు. ఒకటి, నూకరత్నం గారి, సత్తిరాజు గారి తరలింపు రద్దు. రెండు, తల ఊపుట ద్వారా అంగీకారమనే నిబంధన తొలగింపు. మూడు, అనసూయ గారి పునర్నియామకం. నాలుగు, పై మూడూ అమలు కాని పక్షంలో సభ్యుల చెవులకు సజీవ పీతలు తగిలించుట. సభ్యుల ఉత్సాహాన్ని ప్రత్యేకంగా నమోదు చేశాను."

ఊరు పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి పలకలు ఊగి కమిటీ మళ్ళీ తాళ్ళు పట్టుకుంది.

"ఇదేంటి? మేమెప్పుడు ఒప్పుకున్నాం?" అని లేచాడు రెండో ఆయన. "ఏదో మర్యాదకి తల ఊపాం!"

సత్తిరాజు బాబాయి నింపాదిగా చేయెత్తాడు. "ఆయ్, తమరు కోప్పడకండి బాబూ. మా రత్నం తల అలకి ఊగింది. నాది నిద్రకి ఊగింది. తమది మర్యాదకి ఊగింది. ఇందులో ఏ ఊపు లెక్కలోకి వత్తదో, ఏది రాదో తమరే సెలవియ్యండి. తమది రాదంటే మాదీ రాదు. మాది వత్తదంటే తమదీ వత్తది. పీతలు తయారుగానే ఉన్నాయి."

పొయ్యి మీద పులుసు కుతకుతలాడింది. ఇప్పుడు వీళ్ళు పడవెక్కి వెళ్ళిపోతే, ఇదంతా ఒక నవ్వులాటగా మిగిలిపోతే, అమావాస్య పోటుకి ఆ తెల్ల భవనం నా కోసం తలుపు తీసుకునే ఉంటుంది. నవ్వుతున్న మా వాళ్ళ మధ్య నేను తాడు గట్టిగా పట్టుకున్నాను.

హిమజ్యోతి గారి మొహం ఎర్రబడింది. చీర సర్దుకుని లేచారు. నా దగ్గరికి తూలుతూ వచ్చి, నా ఎదురుగా ఖాళీ పీతల పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నారు.

"అమ్మా, నిజం చెబుతున్నాను. బిళ్ళ చదివింది విన్నాను గానీ, మీరు మాట్లాడినదాంట్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు" అన్నారు. "అర్థం కాలేదంటే మీరు బాధపడతారేమో అనుకున్నాను. మళ్ళీ చెప్తారా?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని. బిళ్ళ అప్పుడే సాయం చెయ్యబోయింది, దాని మీద గోనెగుడ్డ కప్పాను.

మళ్ళీ చెప్పాను. అర్థం కాలేదన్నారు. ఇంకోసారి చెప్పాను. 'తరలింపు' అన్న మాట పట్టుకున్నారు. నా నోరు ఎలా తిరుగుతుందో చూస్తూ, తప్పు పలికి, నాతో తిట్లు తిని, అవి కూడా అర్థం కాక, మళ్ళీ అడిగారు. ఎండ ఇంటి ఆ వైపు నుంచి ఈ వైపుకి తిరిగింది. పులుసు దించాం, వడ్డించాం. మిగతా ఇద్దరూ తింటూ మెడలు మాత్రం కదపలేదు. ఇక ఆ రోజు సభలో ఎవరూ మెడ కదపలేదు.

మొదటి అంశం పూర్తిగా అర్థమయ్యాక అక్కడికక్కడే రద్దు ఉత్తరువు రాసి సంతకం పెట్టారు, నాదీ బాబాయిదీ. రెండో దానికీ మూడో దానికీ మాట ఇవ్వలేనన్నారు. అవి తన చేతిలో లేవట. పైవాళ్ళతో కొట్లాడతానన్నారు. కొట్లాడటం రాకపోతే అనసూయ గారిని అడిగి నేర్చుకోమన్నాను. ఇది అర్థం కావడానికి రెండుసార్లు పట్టింది. హార్మోనియం మాత్రం వెనక్కి తీసుకునే ఏర్పాటు విధానంలో లేదట.

"ఇక నాలుగోది" అన్నారు హిమజ్యోతి గారు, చేతికంటిన పులుసు నాకుతూ. "అది బిళ్ళ చదవగా విన్నాను లెండి."

"అది మార్చాను" అన్నాను. "చెవులకి కాదు. మళ్ళీ ఎప్పుడైనా నా మాట అర్థం కాకుండానే తల ఊపారంటే, పీతని ముక్కుకి తగిలిస్తాను."

ఆవిడ చటుక్కున చేత్తో ముక్కు దాచుకున్నారు.